నిమ్మకాయ తొక్కిన జీపు

మా పెద్దమ్మ ఏటా ఆయుధపూజనాడు పెరట్లోని రేకుల షెడ్డు తలుపు తీయించేది. లోపల ఉన్న పాత జీపుకు గంధం, కుంకుమ పెట్టి, ముందు చక్రాల దగ్గర రెండు నిమ్మకాయలు ఉంచేది. ఆ నిమ్మకాయలు ఎండిపోయేవే గాని నలిగేవి కావు. 2015లో పెదనాన్నగారు పోయిన దగ్గర్నుంచి ఆ బండి అంగుళం కదలలేదు.

2021 దసరాకు కుంకుమ పెడుతూ, "ఒరే, ఈ ఏడూ ఇవి ఇలా ఎండిపోవలసిందేనా? దీన్ని కదిలించరా. నాకు ఎనభై రెండేళ్ళొచ్చాయి. ఒక్కసారి సాలూరు ఘాట్ దిగి మా పుట్టింటి వీధి చూసొస్తాను" అంది. మన కారులో వెళదాం పెద్దమ్మా అంటే మొహం తిప్పేసుకుంది.

మా కుటుంబం కోరాపుట్‌లో స్థిరపడి మూడు తరాలైంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పెదనాన్నగారు దమన్‌జోడి వైపు కాంట్రాక్టు పనులు చేసేవారు. 1991లో బ్యాంకు అప్పు మీద ఈ మహీంద్రా ఎమ్.ఎమ్.540 కొన్నారు. వానాకాలంలో కొండదారుల్లో తిరగాలంటే ఆ రోజుల్లో జీపే దిక్కు. పురుళ్ళకు, పెళ్ళిళ్ళకు, సిమెంటు బస్తాలకు అన్నిటికీ అదే బండి.

జీపు అమెరికా వాళ్ళ విల్లీస్ కంపెనీది. మన దేశంలో దాన్ని బిగించడం 1947లో మొదలైంది. ఆ పని చేపట్టిన కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి అక్కడ తొలి ఆర్థికమంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడ 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. మా జీపులో ఉన్నది ఫ్రాన్సు వారి పెజో లైసెన్సుతో చేసిన 2112 సి.సి. డీజిల్ ఇంజను. చట్రం అమెరికాది, గుండె ఫ్రాన్సుది, యజమాని తెలుగువాడు, నంబరు ఒడిశాది!

నేను కామర్సు చదివినవాణ్ణి. పానా పట్టడం కంటే ముందు లెక్క వేశాను. లక్షన్నర పెట్టి కొన్న వాహనానికి ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం చొప్పున తరుగు రాస్తూ పోతే, ముప్పై ఏళ్ళకు పుస్తకంలో మిగిలేది రమారమి 1,145 రూపాయలు. పాత ఇనుము వ్యాపారి అంతకంటే చాలా ఎక్కువే ఇస్తానన్నాడు. ఆ మాట పెద్దమ్మకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

సాలూరంటే లారీల ఊరని మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. అక్కడి నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాను. ఆయన జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్టు ఎత్తి చూసి, "ఇంజను పోనేదు బాబూ, నిద్రోయింది. తొందరపడి లేపకండి" అన్నాడు. కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పేద్దామని అప్పటికే సిద్ధంగా ఉన్న మా అబ్బాయి ఉత్సాహం మీద నీళ్ళు పోసినట్టయింది.

ఆయన మాటలో చాలా అర్థం ఉంది. ఏళ్ళ తరబడి కదలని ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుక్కుంటాయి. బలవంతంగా తిప్పితే గోడలు గీసుకుపోతాయి. అందుకని నాలుగు ఇంజెక్టర్లు విప్పి, ఒక్కో సిలిండరులో ఇంజనాయిలు, డీజిలు కలిపి కొద్దిగా పోశాడు. అయిదు రోజులు ముట్టుకోవద్దన్నాడు. ఆరో రోజు క్రాంకు పుల్లీ నట్టుకు పెద్ద పానా తగిలించి వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనక్కు ఆడిస్తూ కూర్చున్నాడు. గంట తర్వాత అది మెత్తగా ఒక చుట్టు తిరిగింది. ఇంజెక్టర్లు బిగించకముందే లోపలి నూనెంతా బయటికి కక్కించాడు. నూనె గాలిలా నలగదు కదా, అది లోపల ఉండగా స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుందట.

తర్వాత డీజిల్ ట్యాంకు దించాం. అడుగున తారులాంటి మడ్డి, దాని కింద తుప్పు. ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు మార్చి, గొట్టాల్లో చిక్కిన గాలి తీసేసరికి ఒక ఆదివారం గడిచిపోయింది. డీజిల్ బండికి గాలి బుడగ ఒక్కటి చాలు, పంపు ఎంత కొట్టినా చుక్క ముందుకు పోదు. డిసెంబరు చలిలో హీటరు ప్లగ్గులు బాగా కాలనిచ్చి తాళం తిప్పితే, నాలుగో ప్రయత్నంలో షెడ్డంతా తెల్లటి పొగ నిండి ఇంజను అందుకుంది. పెద్దమ్మ వంటింట్లోంచి చేతిలో గరిటెతోనే వచ్చేసింది.

ఇంజను తిరిగింది కదా, ఇక రంగు వేయించేద్దామన్నాడు మా వాడు. పాత బండ్లు కొనే చాలామంది పొరబడేది ఇక్కడేననిపిస్తుంది. రబ్బరు చాపలు ఎత్తి ఫ్లోరు రేకు మీద చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోయాం. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది. మూడుచోట్ల సుత్తి ఏకంగా లోపలికి దిగిపోయింది. పుట్టీ పెట్టి మూసి పైన రంగు వేస్తే ఆ తుప్పు రెండు వానలకు మళ్ళీ పైకి వస్తుంది. కుళ్ళిన ముక్క కోసేసి కొత్త రేకు అతికించి రెడాక్సైడు పూయించాం. బ్రేకుల సంగతి మరీ ఘోరం. నాలుగు డ్రమ్ముల్లోనూ వీలు సిలిండర్ల రబ్బర్లు బిగుసుకుపోయాయి. బ్రేకు ఆయిలు గాల్లోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమే సిలిండర్లను లోపలి నుంచి తినేస్తుంది. మా ఆవిడ ఖర్చుల పుస్తకం చూసి పెదవి విరిచినా బ్రేకుల పద్దు జోలికి మాత్రం రాలేదు. ఘాట్ దిగాల్సింది తన అత్తగారి తోడికోడలే కదా!

అన్నట్టు, ఫోర్ వీల్ లివరు గురించి ఒక మాట. అది బిగుసుకుపోతే సర్వీసు చేయించి వదిలించాం. మా అబ్బాయి దర్జాగా తారురోడ్డు మీద వేసి చూస్తానన్నాడు. మేస్త్రీ గదమాయించాడు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఈ రకం జీపులో లివరు వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగానికి కట్టుబడిపోతాయి. బురదలో అయితే చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారలేక గేర్ల పెట్టెను మెలిపెడుతుంది.

ఇంతకీ అసలు చిక్కు షెడ్డులో కాదు, ట్రంకు పెట్టెలో ఉంది. ఆర్.సి. పుస్తకం తీసి చూస్తే రిజిస్ట్రేషను గడువు 2016లోనే ముగిసింది. అది సరే. దాని మీద బ్యాంకు తాకట్టు ముద్ర ఇంకా అలాగే ఉంది! అప్పు 1996లో తీరిపోయింది, రసీదులు కూడా ఉన్నాయి. పెదనాన్నగారు బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చి ఆ ముద్ర కొట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఎవరు పట్టించుకున్నారు గనుక? తాకట్టు తొలగితేగాని ఫారం 31 మీద వారసుల పేరుకు మారదు. పేరు మారితేగాని ఫారం 25 పెట్టి రిజిస్ట్రేషను పొడిగించుకోలేం. పైగా 2021 అక్టోబరులోనే ప్రభుత్వ ప్రకటన వచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి పాత కార్లు, జీపుల రీరిజిస్ట్రేషన్ రుసుము 600 నుంచి 5,000 రూపాయలు, ఆలస్యమైన ప్రతి నెలకూ మరో 500.

అప్పిచ్చిన శాఖ మరో శాఖలో కలిసిపోయింది. పాత లెడ్జర్లు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేకపోయారు. "వచ్చేవారం రండి సార్" అన్నాడు కౌంటరు మీది కుర్రాడు. వచ్చేవారం వెళితే ఆయన సెలవులో ఉన్నాడు. అలా ఆరుసార్లు తిరిగాను. నాకు కోపం రావలసింది, కాని సరిగ్గా రాలేదు. ఇరవై ఏళ్ళ కిందట నేనూ అలాంటి బల్ల వెనకే కూర్చుని, ట్రాక్టరు అప్పు తీర్చేసిన ఒక రైతును ఇదే కాగితానికి మూడు నెలలు తిప్పాను. ఆయన మా శాఖకు రావడానికి ప్రతిసారీ రెండు బస్సులు మారేవాడు. ఆ మనిషి మొహం గుర్తుంది గాని పేరు గుర్తులేదు.

మార్చి 31 దాటిపోయింది. కాగితం మే నెలలో చేతికొచ్చింది. పెరిగిన రుసుము, ఆలస్య రుసుము కట్టాను. ఈలోగా పెద్దమ్మ ఒకసారి స్నానాలగదిలో జారి పడింది. ఎముక విరగలేదు గాని నడక తగ్గింది. "కాగితాలదేముందిరా, వీధి చివరిదాకా తిప్పు" అని రోజూ అడిగేది. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు లేని బండిని రోడ్డెక్కించనన్నాను. అన్నానే గాని, ఏ రాత్రి ఆవిడ దగ్గు వినబడినా నిద్ర పట్టేది కాదు. తనిఖీలో హెడ్‌లైటు ఒకటి సరిగా లేదని ఇన్‌స్పెక్టరు ఒకసారి తిప్పి పంపాడు. అదీ న్యాయమే. ఆగస్టులో అన్నీ పూర్తయ్యాయి.

మొత్తం ఖర్చు 2,14,600 రూపాయలు. అందులో రంగు పద్దు అన్నిటికంటే చిన్నది.

2022 దసరాకు పెద్దమ్మ తనే నిమ్మకాయలు పెట్టింది. మెట్టు ఎత్తుగా ఉండి కాలు అందలేదు. వంటింటి పీట వేసి, మేమిద్దరం చెరో రెక్క పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాం. మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాను. ఎడమవైపుది ముందు, కుడివైపుది తర్వాత చిట్లిన చప్పుడు వినబడింది. పొట్టంగి దాటి సుంకి మలుపుల దగ్గర నేను హారను కొట్టేదాకా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అప్పుడు నా వైపు తిరిగి, "హారను మార్చేశారు కదరా. ఆయనది ఇలా ఉండేది కాదు" అంది.

పాత హారను సాలూరులో దొరుకుతుందేమో కనుక్కుంటున్నాను.