సినిమా కెమెరాలో 75 లక్షల గంగాళాలు

కిందటేడు తొమ్మిదో తరగతిలో కాంతి పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "మేష్టారండీ, మా అన్నయ్య కొత్త ఫోనులో 50 మెగాపిక్సెళ్ల కెమెరా ఉందండి. మరి బాహుబలి తీసిన కెమెరాకి ఎన్నుంటాయండి? వెయ్యి ఉంటాయా?" అని అడిగాడు.

"ఏడున్నర" అన్నాను.

తరగతంతా గొల్లుమంది. మేష్టారు హాస్యమాడుతున్నారనుకున్నారు. కాని అది అక్షరాలా నిజం. 2015లో విడుదలైన 'బాహుబలి' మొదటి భాగాన్ని ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్ కుమార్ 'ఆరి అలెక్సా ఎక్స్‌టి' అనే డిజిటల్ కెమెరాతో చిత్రీకరించారు. పాత కెమెరాలలో ఫిల్ము ఉండే చోట, ఇందులో సెన్సర్ అనే సిలికాన్ పలక ఉంటుంది. దాని మీద అడ్డంగా 3414, నిలువుగా 2198 బిందువులు. గుణించి చూడండి. 75 లక్షల పైచిలుకు వస్తుంది. ఒక మెగాపిక్సెల్ అంటే 10 లక్షలు కనుక ఏడున్నర మెగాపిక్సెళ్లన్నమాట. ఫోనులో 5 కోట్లు!

అయితే అంత ఖరీదైన సినిమాకు, ఫోనుకంటే 'తక్కువ' కెమెరాను ఎందుకు ఎంచుకున్నారు?

పిల్లలూ, మన వైపు వానాకాలం సంగతి మీకు తెలుసు కదా. వాకిట్లో ఒక గంగాళమూ, పక్కన ఒక ఉగ్గుగిన్నే పెట్టారనుకోండి. జోరువానలో రెండూ తడుస్తాయి. మరి సన్నని తుంపర పడుతున్నప్పుడో? ఒక ఉగ్గుగిన్నెలో మూడు చుక్కలు పడితే, దాని పక్క గిన్నెలో ఆరు పడవచ్చు, ఇంకో దానిలో అసలు పడకపోవచ్చు. ఆ గిన్నెలను చూసి "ఇక్కడ ఇంత వాన కురిసింది" అని చెబితే లెక్క తప్పుతుంది. గంగాళంలో వేల చుక్కలు పడతాయి కనుక అది చెప్పే లెక్క నిలకడగా ఉంటుంది.

కాంతి కూడా చుక్కలు చుక్కలుగానే వస్తుంది. ఆ చుక్కల పేరు ఫోటాన్లు. సెన్సర్ మీది ప్రతి బిందువూ ఒక పాత్ర. ఫోటాన్ వచ్చి సిలికాన్‌ను తాకితే ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. కెమెరా చేసే పనల్లా, ఏ పాత్రలో ఎన్ని ఎలక్ట్రాన్లు చేరాయో కొలవడం. అలెక్సా బిందువు వెడల్పు 8.25 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫోనులో బిందువు వెడల్పు ఒక మైక్రాన్ అటూ ఇటూ, తరచు అంతకన్నా తక్కువే. వెడల్పులో తేడా ఎనిమిది రెట్లే అని తేలిగ్గా తీసుకోకండి. వైశాల్యం చూడాలి. 8.25ను 8.25తో గుణిస్తే 68. అంటే ఒక్క అలెక్సా బిందువు, మైక్రాన్ వెడల్పున్న ఫోను బిందువుకు 68 రెట్ల కాంతిని పట్టుకుంటుంది. మీరు సాయంత్రం పూట ఫోనుతో తీసిన వీడియోలో నీడల్లో చీమలు పాకినట్టు చుక్కలు కదలడం చూసే ఉంటారు. అవి ఉగ్గుగిన్నెల లెక్కలో వచ్చిన హెచ్చుతగ్గులే. ఫోను తయారీదారులకు ఈ సంగతి తెలియదని కాదు. అందుకే నాలుగేసి బిందువులను కలిపి ఒకటిగా లెక్కించే ఏర్పాటు చేస్తుంటారు. ప్రకటనలో మాత్రం 50 అనే వేస్తారు!

పాత్రకు ఇంకో కష్టం కూడా ఉంది. నిండితే పొర్లిపోతుంది. పొర్లిపోయిన నీరెంతో ఎవరు చెప్పగలరు? ఫోటోలో ఆకాశం మబ్బుల జాడ కూడా లేకుండా తెల్లకాగితంలా వచ్చిందంటే, అక్కడ పాత్రలు పొర్లాయని అర్థం.

శ్రీకాకుళం పక్కన అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయానికి వెళ్లారా? ఏటా మార్చిలోను, అక్టోబరులోను కొద్ది రోజులు ఉదయకిరణాలు నేరుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టును తాకుతాయి. వాకిట్లో ఎండ, లోపల చీకటి, ఆ చీకట్లో దీపం. మన కన్ను ఈ మూడింటినీ కొద్ది క్షణాల్లో సర్దుకుని చూస్తుంది. కెమెరా అలా సర్దుకోలేదు. వాకిలి బాగా కనబడాలంటే లోపలంతా నల్లబడుతుంది. లోపల కనబడాలంటే వాకిలి తెల్లగా పేలిపోతుంది. కెమెరా ఒకేసారి చూడగల అతి మందమైన వెలుగుకూ అతి ప్రకాశమైన వెలుగుకూ మధ్య నిష్పత్తిని కెమెరావారు 'స్టాపు'లలో చెబుతారు. ఒక స్టాపు అంటే రెట్టింపు. అలెక్సా ఎక్స్‌టికి 14 స్టాపులకు పైమాటే. రెండును పద్నాలుగుసార్లు గుణిస్తే 16,384. అంటే ఒకే దృశ్యంలో ఒక చోట వెలుగు ఒక వంతూ, మరో చోట పదహారు వేల వంతులూ ఉన్నా రెండింటినీ వివరంగా పట్టుకోగలదు.

ఇదెలా సాధ్యం? పాత్ర పెద్దది కావడం ఒక కారణం. రెండోది చమత్కారమైన ఉపాయం. ఒకే బిందువును ఒకే క్షణంలో రెండు రకాలుగా తూస్తారు. ఒకటి కంసాలి త్రాసు లాంటిది, నీడల్లోని అతి కొద్ది కాంతికి. మరొకటి కట్టెల అడితిలోని కాటా లాంటిది, వెలుగులకు. ఆ రెండు లెక్కలనూ కలిపి ఒకటి చేస్తారు. 2022లో వచ్చిన అలెక్సా 35లో బిందువును కాస్త చిన్నది చేసి కూడా, లోపలి నిర్మాణాన్ని మార్చి 17 స్టాపులు సాధించామని ఆ సంస్థ చెబుతోంది. రెండును పదిహేడుసార్లు గుణించే పని మీకే వదులుతున్నాను.

ఈ కెమెరాలు చేసే సంస్థ కొత్తదేమీ కాదు. 1917లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆర్నాల్డ్, రిక్టర్ అనే ఇద్దరు మిత్రులు స్థాపించారు. వారి పేర్ల మొదటి అక్షరాలు కలిపితేనే 'ఆరి' అయింది.

అయితే ఎక్కువ బిందువులు దండగ అని అనుకోకండి. తీసిన బొమ్మలో కొంత భాగం కత్తిరించి పెద్దది చేయాలన్నా, చాలా పెద్ద తెర మీద చూపాలన్నా అవి అక్కరకొస్తాయి. అమెరికాలోని రెడ్ సంస్థ 2007 నుంచి ఆ దారిలోనే నడిచింది. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'కు సెంథిల్ కుమార్ వాడిన అలెక్సా ఎల్ఎఫ్‌లో బిందువులు 1 కోటీ 37 లక్షలకు పెరిగాయి. కాని బిందువు వెడల్పు మాత్రం అదే 8.25 మైక్రాన్లు. గంగాళాన్ని చిన్నది చేయలేదు, వాకిలిని విశాలం చేశారు!

ఈ కెమెరాలను నిర్మాతలు సాధారణంగా కొనరు. రోజు అద్దెకు తెచ్చుకుంటారు. అందుకే అద్దెకు తెచ్చే ముందు పరీక్షించి చూసుకుంటారు. ఆ పరీక్షకు మన జిల్లాల్లోనే మంచి సామగ్రి ఉంది.

మొదటిది పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన సన్ననూలు బట్ట అది. అలాంటి సన్ననేత కట్టుకున్న మనిషిని దూరం నుంచి వీడియో తీస్తే, ఒక్కోసారి బట్ట మీద లేని వంకర చారలు తెర మీద పాకుతాయి. రెండు దోమతెరలను ఒకదాని మీద ఒకటి వేసి కొంచెం తిప్పి చూడండి, అవే చారలు కనబడతాయి. ఇక్కడ ఒక తెర బట్ట నేత, రెండో తెర సెన్సర్ బిందువుల వరుస. దీన్ని మాన్పడానికి మంచి సినిమా కెమెరాల్లో సెన్సర్ ముందు ఒక ప్రత్యేకమైన స్ఫటిక ఫలకం పెడతారు. అది బొమ్మను ఇసుమంత మసక చేస్తుంది. లక్షలు పోసి తెచ్చిన కెమెరాలో కావాలని మసక!

రెండోది బొబ్బిలి వీణ. పనసకర్రతో చేసే ఈ వీణ తీగను మీటి, మంచి ఎండలో ఫోనుతో దగ్గరగా వీడియో తీయండి. తీగ పాములా మెలికలు తిరుగుతున్నట్టు కనబడుతుంది. ఫోనును 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. మెలికలు మాయం! నిజానికి తీగ అలా మెలికలు తిరగదు. సెన్సర్ తన వరుసలన్నింటినీ ఒక్కసారిగా చదవదు, ఒకదాని తర్వాత ఒకటిగా చదువుతుంది. మొదటి వరుస చదివినప్పుడు తీగ ఒక చోట ఉంటే, చివరి వరుసకు వచ్చేసరికి మరో చోట ఉంటుంది. ఈ చదువు ఎంత వేగంగా సాగితే బొమ్మ అంత నిజాయితీగా ఉంటుంది. సినిమా కెమెరాలు ఇందులో ఫోన్లకంటే సాధారణంగా చురుకైనవి. వీణ దొరకకపోతే పెట్టెకు బిగించిన రబ్బరు బ్యాండైనా సరే.

ఇక వాడటం సంగతి. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. ఒక్కో బొమ్మకు కాంతిని సెకనులో 48వ వంతు సేపు రానిస్తారు. అంతకన్నా బాగా తగ్గిస్తే ప్రతి బొమ్మా సూదిమొనలా వాడిగా వస్తుంది కాని, పరుగెత్తే మనిషి కీలుబొమ్మలా గెంతుతున్నట్టుంటాడు. కదలికకు కాస్త చెరుగు ఉండాలి. అయితే మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు కనుక, పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 48వ వంతుకు దీనితో పొత్తు కుదరక బొమ్మ మినుకుమంటుంది. కనుక మన ఛాయాగ్రాహకులు 50వ వంతుకు మార్చుకుంటారు. అప్పుడు ప్రతి బొమ్మకూ సరిగ్గా రెండేసి వెలుగులు పడతాయి.

మరి శ్రీకాకుళం మిట్టమధ్యాహ్నపు ఎండలో 50వ వంతు అంటే మాటలా? టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద వాలిన తెల్లని పెలికాన్లను తీయాలనుకోండి. అలెక్సా సాధారణ సున్నితత్వం 800. ఆ లెక్కన లెన్సు ద్వారాన్ని 16వ అంకెకు కుదించినా, రావలసిన దానికి 16 రెట్ల కాంతి వచ్చిపడుతుంది. పక్షి వెనకాల కొమ్మలు మసకగా ఉండాలని ద్వారాన్ని 4కు తెరిస్తే 256 రెట్లు! రెక్కలన్నీ తెల్లకాగితమే. అందుకే 256 పాళ్లలో ఒక్క పాలు మాత్రమే వెళ్లనిచ్చే నల్లని అద్దాన్ని అడ్డుపెడతారు. అంటే కెమెరాకు చలువ కళ్లద్దాలన్నమాట.

ఇంత చేసి తీసిన బొమ్మను ఆ పూట చూస్తే మీకు నిరాశే. బూడిద పూసినట్టు వెలవెలబోతూ ఉంటుంది. 14 స్టాపుల వెలుగునీ లాగరిథమ్ పద్ధతిలో కుదించి దాచడం వల్ల అలా కనబడుతుంది. తర్వాత రంగులు దిద్దే నిపుణుడు దాన్ని విప్పి, నీడలూ వెలుగులూ ఎక్కడెంత ఉండాలో నిర్ణయిస్తాడు.

చివరిగా ఒక లెక్క. ఒక్కో బిందువుకు 12 బిట్లు చొప్పున 75 లక్షల బిందువులకు, 8 బిట్లకు ఒక బైటుగా, ఒక్క బొమ్మకు 1 కోటీ 12 లక్షల బైట్లు. సెకనుకు 24 బొమ్మలు. గంటకు వేసి చూడండి, దాదాపు లక్ష కోట్ల బైట్లు, అంటే ఒక టెరాబైటు. ఇదంతా చిన్న కార్డుల్లోకి వెళుతుంది. అందుకే సెట్టు మీద ఈ దత్తాంశాన్ని కాపాడటానికే ఒక మనిషి ఉంటాడు. కార్డులోనిది కనీసం రెండు మూడు చోట్లకు ఎక్కిస్తాడు. ఎక్కిందీ లేనిదీ ఫైళ్ల పేర్లు చూసి నమ్మడు. అసలులోని అంకెలన్నిటికీ ఒక 'మొత్తం' కట్టి, నకలుకూ కట్టి, రెండూ సరిపోతేనే కార్డు చెరపనిస్తాడు. మార్కుల రిజిస్టరులో మేము అడ్డం మొత్తాన్నీ నిలువు మొత్తాన్నీ సరిచూసుకున్నట్టే.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక సంక్రాంతికి, అరువు తెచ్చిన కెమెరాతో మా పక్క ఊరి తప్పెటగుళ్ల బృందాన్ని తీశాను. డెబ్బై దాటిన గురువుగారు రేకు తప్పెటను రొమ్మున కట్టుకుని, కాలి గజ్జెలతో కుర్రాళ్లకు దీటుగా గంటసేపు ఆడారు. ఇంటికొచ్చి కంప్యూటరులోకి ఎక్కించాను. పేర్లన్నీ వరుసగా కనబడ్డాయి. కార్డు చెరిపేసి మర్నాడు కెమెరా తిరిగి ఇచ్చేశాను. వారం తర్వాత తెరిచి చూస్తే, మధ్యలో తీగ వదులైనట్టుంది, మొదటి నాలుగు నిమిషాలు తప్ప ఏదీ తెరుచుకోలేదు. ఆ నాలుగు నిమిషాల్లో ఉన్నది కుర్రాళ్లు గజ్జెలు కట్టుకోవడం, జనం చాపలు సర్దుకోవడం.

వచ్చే సంక్రాంతికి మళ్లీ తీద్దాం లెమ్మన్నారు గురువుగారు. ఆ వేసవిలోనే పోయారు. ఆయన మనవడు ఇప్పుడు మా బడిలో ఎనిమిదో తరగతి. తాత ఎలా ఆడేవాడని వాడు అడిగితే, తరగతి గదిలో నేనే రెండడుగులు వేసి చూపించవలసి వస్తోంది.