ఆరు రోజులు తారు, ఒక రోజు బురద

కొండలెక్కే మోటార్‌సైకిళ్లకు మార్కెట్లో ఇప్పుడు కొదవ లేదు. కానీ వారమంతా పనికి, సెలవు రోజున అడవికి ఒకే బండి వాడేవారు ముందుగా తేల్చుకోవాల్సింది బండి సంగతి కాదు, టైరు సంగతి.

సూరత్‌కు దక్షిణాన ఉన్న పాండేసరలో వానలు ముదిరాక రోడ్డు ఎక్కడ ఆగుతుందో, గుంత ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం కొత్తవారి వల్ల కాదు. అద్దకం, ప్రింటింగ్ మిల్లులకు గుడ్డ మోసే టెంపోలు, బాయిలర్లకు బొగ్గు తెచ్చే లారీలు, షిఫ్టు మారే వేళ బారులు తీరే బైకులు, సైకిళ్లు, అన్నిటికీ అదే దారి. మధ్యలో నీళ్లు నిలిచిన తారు, పక్కకు దిగితే నల్లమట్టి. ఆఫ్‌రోడ్ అనుభవం కోసం పాండేసరవాసి ప్రత్యేకంగా అడవికి వెళ్లాల్సిన పనిలేదు.

అయినా సూరత్ బైకులు అడవికి వెళుతూనే ఉంటాయి. నగరానికి సుమారు 160 కి.మీ. దూరంలో డాంగ్స్ జిల్లాలో సాపుతారా కొండలున్నాయి. చిఖ్లీ, వాంస్‌దా, వఘయి మీదుగా వెళ్లే ఆ దారి వానాకాలం సెలవు రోజుల్లో బైకులతో కళకళలాడుతుంది. వఘయి దగ్గర అంబికా నది మీది గిరా జలపాతం దాకా తారు రోడ్డే. ఆహ్వా వైపో, మహారాష్ట్ర సరిహద్దులోని డోన్ గ్రామం వైపో మళ్లిన తర్వాతే ఘాట్ మలుపులు, రాళ్లు, పలచని మట్టి పొర కింద దాగిన గుంతలు ఎదురవుతాయి. పూర్ణా అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కూడా కావాలి.

తెలుగువారికి ఈ ఊరు కొత్తది కాదు. తెలంగాణ నేత ఊళ్ల నుంచి సాంచాలు నడపడానికి వచ్చిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, పాండేసర ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉండటమే వారి సంఖ్యాబలానికి నిదర్శనం. ఈ వాడల్లో రెండు బళ్లు కొనగల ఇళ్లు తక్కువ. పనికి, సరుకుకు, పిల్లల బడికి, సెలవుకు ఒకటే బండి. దానికి వాయిదాలు కట్టాలి, సోమవారం ఉదయం అది స్టార్ట్ కావాలి. బైకుల ప్రకటనల్లో ఎగిరే దుమ్ముకూ ఈ సోమవారానికీ పొత్తు కుదర్చడమే అసలు సమస్య.

దేశంలో ఈ తరహా బళ్ల చరిత్ర మరీ పాతదేమీ కాదు. రాజ్‌దూత్‌లు, బుల్లెట్లు పొలం గట్ల మీద, వాగుల్లో నడిచిన కాలంలో వాటిని ఎవరూ అడ్వెంచర్ బైకులనలేదు. హోండాతో విడిపోయాక హీరో సంస్థ 2011లో 150 సీసీ ఇంపల్స్‌ను తెచ్చింది. బండి ఎత్తుగా బాగానే ఉన్నా, హైవే మీద చాలినంత శక్తి లేదన్న పేరు తెచ్చుకుని తెరమరుగైంది. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 411 సీసీ హిమాలయన్‌ను సుమారు లక్షన్నర రూపాయలకు విడుదల చేయడంతో అసలు కథ మొదలైంది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. అప్పటి ఢిల్లీ షోరూం ధర రూ. 97,000. కంకర దారికి పనికొచ్చే బండి లక్ష లోపు దొరకడం పెద్ద మార్పే. 2023 నవంబర్‌లో హిమాలయన్ 450, 2025 జనవరిలో ఎక్స్‌పల్స్ 210 వాటి వారసులుగా వచ్చాయి. మధ్యలో కేటీఎం, సుజుకీలు కూడా రంగంలోకి దిగాయి. ఇక డకార్ ర్యాలీలో హీరో జట్టు బండి మీద రాస్ బ్రాంచ్ 2024లో రెండో స్థానంలో నిలవడం కుర్రకారు మోజుకు మరింత ఊపునిచ్చింది.

మోజు సంగతి పక్కనపెట్టి ఒక చిన్న లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. పాండేసరలో ఉండే ఒక కుర్రాడు రోజుకు 16 కి.మీ. చొప్పున నెలకు 26 రోజులు పనికి వెళ్లివస్తాడనుకుందాం. అది 416 కి.మీ. నెలకోసారి సాపుతారా వెళ్లొస్తే మరో 320. అక్కడ కొండదారుల్లో, ఊళ్ల మట్టి బాటల్లో ఇంకో 40 తిరిగాడనుకుందాం. మొత్తం 776 కి.మీ.లో మట్టి 40. అంటే దాదాపు 5 శాతం. ప్రతి నెలా అడవికి వెళ్లేవాడి లెక్కే ఇది. రెండు నెలలకోసారి వెళ్లేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. టైర్ల కంపెనీలు తమ సరుకును 80-20, 50-50 అంటూ రోడ్డు, మట్టి నిష్పత్తుల్లో చెప్పుకుంటాయి. ఈ అంకెలకు ఏ ప్రామాణిక పరీక్షా లేదు, ఎవరి అంచనా వారిదే. అయినా మోటుగా ఒక కొలమానంగా పనికొస్తాయి. 5 శాతం మట్టిలో నడిచే బండికి 50-50 టైరు వేయించడమంటే ఏడాదికోసారి వచ్చే పెళ్లికి కొన్న పట్టుబట్టలు మిల్లులోకి కట్టుకెళ్లడమే.

ముందు చక్రం, వెనక చక్రం నేలను తాకే చోటు ఒక్కొక్కటీ అరచేతిని మించదు. బ్రేకు, మలుపు, వేగం అన్నీ ఆ కాస్త రబ్బరు మీదే ఆధారపడి ఉంటాయి. పెద్ద పెద్ద గుబ్బలున్న టైరును, మెకానిక్‌ల భాషలో బటన్ టైరును, గట్టి తారు మీద నడిపితే ఆ అరచేతిలో సగం ఖాళీయే. నేలను తాకేది గుబ్బల కొసలు మాత్రమే. బ్రేకు వేసినప్పుడు, మలుపులో బండిని వంచినప్పుడు అవి అటూ ఇటూ ఒరుగుతాయి. పొడి రోడ్డు మీద ఇది కాస్త ఇబ్బంది, మోత. తడి తారు మీద మాత్రం ప్రమాదం. బండి ఆగే దూరం పెరుగుతుంది. నూనె మరకలు, బొగ్గు పొడి కలిసిన నీళ్ల మీద లారీ వెనకాల వెళ్తున్నవాడికి ఆ నాలుగు అడుగులే ప్రాణం. పైగా రోజూ తారు మీద తిరిగితే వెనక టైరు నడుమ గుబ్బలు ముందుగా అరిగి చదునవుతాయి. అంచుల్లో గుబ్బలు నిక్కి, మధ్యలో బల్లపరుపైన ఆ టైరు ఇటు మట్టికీ కాదు, అటు రోడ్డుకీ కాదు.

మరి బురదలోనైనా గుబ్బలు ఆదుకుంటాయా? అది ఏ బురద అన్న దానిపై ఆధారపడి ఉంటుంది. దక్షిణ గుజరాత్ మైదానంలో ఎక్కువ భాగం నల్లరేగడి. కర్నూలు, ఆదిలాబాద్ రైతులకు ఈ నేల గుణం చెప్పాల్సిన పనిలేదు. తడిస్తే జిగట, ఆరితే పగుళ్లు. తడి రేగడి టైరు గుబ్బల మధ్య సందుల్లోకి చేరి పిడచ కట్టిందంటే ఎంత ఖరీదైన బటన్ టైరైనా గుండుటైరే. చక్రం వేగంగా తిరిగితే మట్టి విసిరినట్టు బయటికి పోతుంది. కానీ నడక వేగంతో దాటే బురదలో చక్రాన్ని అలా తిప్పితే బండి పక్కకు పడిపోతుంది. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ తక్కువున్న బండైతే మట్టి అక్కడే ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది. ఈ నేలలో అనుభవజ్ఞులు నమ్ముకునేది టైరును కాదు, పక్క దారిని.

డాంగ్స్ కొండల్లో పరిస్థితి వేరు. అక్కడ రాయి, మొరం ఎక్కువ. మరీ పెద్ద గుబ్బలు అక్కర్లేదు. మధ్యలో దాదాపు కలిసినట్టుండి, అంచుల్లో విడివిడిగా లోతైన గాట్లున్న టైరు సరిపోతుంది. గట్టి పక్కలు ఉండాలి, ఎందుకంటే రాయి కోసేది అక్కడే. హిమాలయన్, ఎక్స్‌పల్స్‌లతో కంపెనీ ఇచ్చే సియట్ టైర్లు ఈ మధ్యరకానివే. కొన్న రోజే వాటిని తీయించి బటన్ టైర్లు వేయించాలన్న తొందరకు అర్థం లేదు. కనీసం ఒక వానాకాలం వాటి మీదే తిరిగి, ఎక్కడ జారిందో, ఎందుకు జారిందో చూసుకోవడం మేలు. అప్పటికీ చాలదనిపిస్తే ముందు చక్రానికి మాత్రం కాస్త గట్టి గుబ్బల టైరు వేసి, వెనక మధ్యరకమే ఉంచే పద్ధతి ఉంది. ముందు చక్రం జారితే మనిషి పడతాడు, వెనక చక్రం జారితే చాలాసార్లు నిలదొక్కుకుంటాడు. త్వరగా అరిగేది వెనకది కాబట్టి ఖర్చూ కలిసొస్తుంది. అయితే తడి తారు మీద ముందు బ్రేకు కాస్త ముందుగా పట్టడం అలవాటు చేసుకోవాలి.

దుకాణంలో బేరం ఆడేముందు టైరు పక్క గోడ చదవాలి. తయారైన తేదీ అక్కడ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. సైజు పక్కన ఉండే అంకె ఆ టైరు మోయగల బరువుకు, అక్షరం తట్టుకోగల వేగానికి గుర్తు. 'పి' అంటే గంటకు 150 కి.మీ. తిరిగే దిశను చూపే బాణం గుర్తును చూడకుండా తలకిందులుగా బిగించే ప్రబుద్ధులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టాక కొన్ని విదేశీ రకాలు అరుదై, ధర పెరిగాయి. ఆ లోటును దేశీ కంపెనీలు చాలావరకు పూడ్చాయి. పేరున్న విదేశీ టైరు పాతబడి చవగ్గా వస్తోందంటే అనుమానించడమే మంచిది.

బండి విషయానికొస్తే, అందరూ ముందుగా చూసేది ఇంజన్ శక్తి. చివరికి ఇబ్బంది పెట్టేది బరువు, ఎత్తు. స్ప్లెండర్ సుమారు 112 కిలోలు. తొలి ఎక్స్‌పల్స్ 200 బరువు 154, హిమాలయన్ 450 బరువు 196. బురదలో పడిన బండిని ఒక్కడే లేపాల్సి వచ్చినప్పుడు ఈ 42 కిలోల తేడా నడుముకు తెలుస్తుంది. సీటు ఎత్తు రెండింటిలోనూ 820 మిల్లీమీటర్లకు పైనే. అయిదున్నర అడుగుల మనిషికి రెండు కాళ్లూ పూర్తిగా ఆనవు. ఖాళీ రోడ్డు మీద ఫర్వాలేదు కానీ, పాండేసర ట్రాఫిక్‌లో గుంత పక్కన ఆగి, వెనక భార్యా మధ్యలో బిడ్డా ఉన్నప్పుడు కాలు అందకపోతే తెలుస్తుంది. ఈ బళ్ల మీద పెద్ద ముందు చక్రానికి కారణం ఉంది. 21 అంగుళాల చక్రం గుంతలోకి దిగిపోకుండా దాని మీదుగా దొర్లుతుంది. 17 అంగుళాలది దిగుతుంది, కానీ ఊళ్లో చురుగ్గా తిరుగుతుంది. 19 అంగుళాలది మధ్యేమార్గం. తొంభై అయిదు శాతం తారు మీద నడిచేవాడికి అదే న్యాయమని తోస్తుంది.

ఏబీఎస్ విషయంలోనూ ఇదే పేచీ. తడి తారు మీద అది వరం. వదులు మట్టి దిగుడులో మాత్రం వెనక చక్రం బిగుసుకోకుండా బ్రేకును వదిలేస్తూ బండిని ఆగనివ్వదు. అందుకే వెనక ఏబీఎస్‌ను ఆపే వీలున్న బళ్లు వచ్చాయి. ఆపినవాడు తారెక్కగానే దాన్ని మళ్లీ పనిచేయిస్తున్నాడో లేదో చూసుకోవాలి.

జేబు లెక్కను 2025 సెప్టెంబర్ 22 మార్చేసింది. ఆ రోజు నుంచి 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించిన వాటిపై 40 శాతానికి చేరింది. టైర్ల మీద కూడా 28 నుంచి 18కి దిగింది. దీంతో ఎక్స్‌పల్స్‌కూ హిమాలయన్‌కూ మధ్య అగాధం మరింత పెరిగింది. ఆ తేడా సొమ్ముతో రెండు జతల టైర్లు, మంచి హెల్మెట్, బూట్లు కొన్నా మిగులుతుంది. అసలు కొత్త బండే కొనలేనివాడికీ దారి లేకపోలేదు. బజాజ్ 2021లో తెచ్చిన సీటీ 110ఎక్స్ లాంటి చిన్న బండి సగం గుబ్బల టైర్లతోనే వచ్చింది. పాత స్ప్లెండర్‌కైనా అదే సైజులో లోతైన గాట్ల టైరు వేయించుకుని, గిరా జలపాతం దాకా నిశ్చింతగా వెళ్లిరావచ్చు. సైజు మాత్రం మార్చకూడదు. లావు టైరు బిగిస్తే చైనుకు, మడ్‌గార్డుకు రాసుకుంటుంది. పైగా కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టానికీ విరుద్ధం.

డుమస్ తీరం ఆశ పెట్టుకున్నవారు దాన్ని మర్చిపోవడమే మంచిది. 2025 జులైలో ఒక ఖరీదైన కారు అక్కడి నల్ల ఇసుకలో కూరుకుపోయి నవ్వులపాలైంది. టైరు ఏదైనా ఉప్పునీళ్లు చైనును, చువ్వలను, బేరింగులను వదిలిపెట్టవు.

చువ్వల చక్రాలతో ఇంకో చిక్కుంది. రాళ్ల మీద అవి అలాయ్ చక్రాల్లా పగలవు, కాస్త వంగి నిలుస్తాయి. కానీ చాలా బళ్లలో వాటికి ట్యూబు తప్పదు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే ఏ పంక్చర్ షాపులోనైనా అయిదు నిమిషాల పని. ట్యూబు టైరైతే చక్రం విప్పాల్సిందే. వఘయి దాటాక పంక్చర్ షాపు దొరికినా అందులో 21 అంగుళాల ట్యూబు ఉండటం అనుమానమే. కాబట్టి ముందు చక్రం ట్యూబు ఒకటి, టైరు విప్పే ఇనుప బద్దలు రెండు, చిన్న గాలి పంపు, గాలి కొలిచే గేజీ సంచిలో పెట్టుకోవాలి. మట్టిలో పట్టు కోసం గాలిని నాలుగైదు పాయింట్లు తగ్గించడం మామూలే. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్‌కూ రాయికీ మధ్య నలిగి ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. తిరిగి తారెక్కగానే గాలి నింపకపోతే చిఖ్లీ చేరేలోపే టైరు వేడెక్కుతుంది.