చేతి గడియారం పార్సెల్లో వెళితే...

ఖరీదైన స్విస్ చేతి గడియారాన్ని సర్వీసింగుకు ఇవ్వాలి. మనమే తీసుకువెళ్ళాలా, పోస్టులో పంపాలా? దొంగల భయం సంగతి అటుంచండి, దానికి బీమా ఉంది. భౌతికశాస్త్రం ఏమంటుందో చూద్దాం.

కీ ఇచ్చే గడియారంలో బాలన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతుంటుంది. దాని ఇరుసు కొన మందం సుమారు 0.1 మిల్లీమీటరు. అంటే దాదాపు మీ తలవెంట్రుకంత! దెబ్బ తగిలితే ముందు వంగేది ఇదే.

పార్సెల్ 1 మీటరు ఎత్తు నుంచి సిమెంటు నేలపై పడిందనుకోండి. పడిన ఎత్తును, ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. గడియారం 1 మిల్లీమీటరులోనే ఆగిపోతే, సగటు ఋణత్వరణం గురుత్వ త్వరణానికి 1000 రెట్లు! చుట్టూ కుక్కిన దూది 5 సెంటీమీటర్లు నలిగితే 20 రెట్లే. కనుక పెట్టె గట్టిదనం కన్నా లోపలి మెత్తదనమే ముఖ్యం. పెట్టె ఊపితే లోపల గలగలమంటోందా? ఆ దూది ఉన్నా లేనట్టే.

1930లలో వచ్చిన ఇన్కాబ్లాక్ ఏర్పాటులో ఇరుసు కొనను మోసే కెంపురాయిని చిన్న స్ప్రింగు పట్టి ఉంచుతుంది. దెబ్బకు రాయి కాస్త జరుగుతుంది, తాకిడిని ఇరుసు లావు భాగం భరిస్తుంది. అయినా దానికీ హద్దుంది.

చేతికి పెట్టుకు వెళితే ఈ బెడద తక్కువ. అయితే చేతిసంచి అయస్కాంతపు బొత్తానికి మాత్రం ఆనించకండి. కేశ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొని గడియారం ముందుకు పరుగెత్తవచ్చు!

నేనైతే స్వయంగానే తీసుకువెళతాను. పోస్టుకు రెండు ప్రయాణాలు. తిరుగు ప్రయాణంలో దెబ్బ తగిలితే, చేయించిన సర్వీసింగు కాస్తా వృథా!