పైమెట్టు, కిందిమెట్టు

2024 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు చెందిన రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు లీగ్ సీజన్ ముగించాయి. దేశంలో అన్నిటికన్నా పైదైన ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆఖరి స్థానంలో నిలిచింది. 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది. దాని కింది మెట్టు ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ రెండో స్థానం సాధించింది.

పైనున్నది కిందికి దిగలేదు. కిందున్నది పైకి పోలేదు.

నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌లో అయితే సంగతి వేరుగా ఉండేది. అక్కడి రెండో అంచె లీగ్‌లో 12 జట్లుంటాయి. మొదటి స్థానంలో నిలిచిన జట్టు నేరుగా పైకి పోతుంది. 2023 నుంచి రెండు నుంచి ఐదు స్థానాల్లో ఉన్న నాలుగు జట్లకూ ప్లేఆఫ్ పెట్టి, ఇంకొకదాన్ని పైకి పంపుతున్నారు. పై లీగ్ నుంచి రెండు జట్లు కిందికి రావాల్సిందే. అందుకే ఐదో స్థానం కోసం కూడా చివరిదాకా కొట్లాట తప్పదు.

మన దగ్గర ఆ దారి తెరుచుకున్నదే ఆలస్యంగా. 2014లో మొదలైన సూపర్ లీగ్‌కు 2019లో దేశపు అగ్రశ్రేణి లీగ్ హోదా వచ్చింది. ఐ-లీగ్ విజేతను పైకి పంపడం మాత్రం 2022-23లోనే మొదలైంది. అంతకుముందు వరుసగా రెండు టైటిళ్లు గెలిచిన గోకులం కేరళకు కూడా ఆ భాగ్యం దక్కలేదు.

శ్రీనిధి డెక్కన్‌కు 2020లో ఐ-లీగ్ ప్రవేశం ఖాయమైంది. బిడ్ వేసింది విశాఖ పేరు మీదే అయినా చివరికి హైదరాబాద్‌లో స్థిరపడింది. దాని గ్రౌండ్ మొయినాబాద్ వైపు అజీజ్‌నగర్‌లో ఉన్న డెక్కన్ అరీనా. పోర్చుగల్ కోచ్ కార్లోస్ వాజ్ పింటో, కొలంబియా స్ట్రైకర్ డేవిడ్ కాస్తనేదా, నైజీరియా ఆటగాడు రిల్వాన్ హసన్ ఈ జట్టులో పేరు తెచ్చుకున్నారు.

మొదటి సీజన్ 2021-22లో మూడో స్థానం. తర్వాత రెండేళ్లూ రెండో స్థానమే. 2023లో పంజాబ్, 2024లో కోల్‌కతా మహమ్మదన్ స్పోర్టింగ్ టైటిల్ గెలిచి పైకి పోయాయి. ఐస్‌లాండ్ పద్ధతే ఇక్కడా ఉంటే శ్రీనిధికి రెండుసార్లూ ప్లేఆఫ్ దొరికేది.

ఇక దిగడం సంగతి. 2022లో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి సూపర్ లీగ్ కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లకే అట్టడుగుకు చేరినా, పై లీగ్‌లోనే కొనసాగింది. 2024-25లో మహమ్మదన్ 13 జట్లలో పదమూడోది అయ్యింది. ఆ ఏడాదీ పై లీగ్ నుంచి ఎవరినీ కిందికి దించలేదు.