ఓడ కదలదు... ఆట ఆగదు!

నేల మీద జూదం తప్పు. నీళ్ల మీదైతే ఒప్పు! మిసిసిపీ నదీ తీరంలోని అమెరికా రాష్ట్రాలు ముప్పై అయిదేళ్ల క్రితం రాసుకున్న చట్టమిది. అది తిరిగిన మలుపులు చూస్తే నవ్వొస్తుంది. కాస్త ఆలోచిస్తే భయమూ వేస్తుంది.

మీరో ఓడ ఎక్కారనుకోండి. బయల్దేరే వేళ అయిందన్నారు. ఇక కొత్తవాళ్లని ఎక్కనివ్వలేదు. రెండు గంటలయ్యాక 'ప్రయాణం' పూర్తయిందన్నారు. దిగి చూస్తే... ఎక్కినచోటే ఉన్నారు! ఓడ అంగుళం కూడా కదల్లేదు.

ఇది జోకు కాదు. 1990ల్లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, నది మీది కేసినోల్లో రోజూ జరిగిన తంతు. దానికి జనం 'మాయా ప్రయాణం' అని పేరు కూడా పెట్టుకున్నారు. కదలని ఓడలో ఈ ప్రయాణమెందుకూ అంటే, చట్టం అలా ఉంది కాబట్టి!

అయిదు డాలర్లతో మొదలు

1980ల్లో అమెరికా మధ్య రాష్ట్రాల రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. ట్రాక్టర్లూ వ్యవసాయ యంత్రాలూ తయారుచేసే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నది ఒడ్డునున్న ఊళ్లలో పనుల్లేవు, ప్రభుత్వానికి ఆదాయం లేదు. అప్పుడు అయోవా రాష్ట్రానికి తట్టిన ఉపాయమే ఓడలో కేసినో.

జూదమంటే అక్కడి పెద్దలకూ గిట్టదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిసిసిపీ మీద ఆవిరి పడవలు తిరిగే రోజుల్లో పేకాటతో ప్రయాణికుల జేబులు ఖాళీ చేసే మోసగాళ్లుండేవారు. 1835లో విక్స్‌బర్గ్ అనే ఊళ్లో జనం విసిగిపోయి అయిదుగురు జూదరులను ఉరితీశారు కూడా. అలాంటి చోట ఊరి నడిబొడ్డున జూదశాల పెడతామంటే ఎవరూరుకుంటారు? అందుకే మధ్యేమార్గం వెతికారు. జూదం ఊళ్లో ఉండదు, నది మీద ఉంటుంది. ఓడ కాసేపు తిరిగి ఒడ్డుకొస్తుంది. ఆట అక్కడితో సరి!

1989లో చేసిన ఆ చట్టంలో ఇంకా రెండు కట్టుబాట్లున్నాయి. ఒక పందెం అయిదు డాలర్లు దాటకూడదు. ఒక ప్రయాణంలో ఒక మనిషి రెండొందల డాలర్లకు మించి పోగొట్టుకోకూడదు. అంటే మనిషి సరదా పడొచ్చు, సంసారం మాత్రం మునగకూడదు. 1991 ఏప్రిల్ 1న తొలి ఓడలు కదిలాయి.

పక్కవాడి పోటీ

ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. అదే ఏడాది సెప్టెంబరులో పొరుగునున్న ఇల్లినాయ్ తన ఓడలు దించింది. అక్కడ పందేనికి పరిమితి లేదు. దక్షిణాన మిసిసిపీ రాష్ట్రమైతే ఓడ కదలాల్సిన పనే లేదంది. ఇంకేం? 1992లో అయోవా ఓడలు రెండు సామాను సర్దుకున్నట్టే మిసిసిపీలోని బిలాక్సీకి తరలిపోయాయి. ఓడ కదా, ఎక్కడ లాభముంటే అక్కడికి పోతుంది!

దాంతో అయోవా దిగొచ్చింది. 1994లో రెండు పరిమితులూ ఎత్తేసింది. 1999లో ఇల్లినాయ్, 2002లో ఇండియానా ఓడలు కదలాలన్న నిబంధనను వదిలేశాయి. 2007లో అయోవా అసలు నీళ్లే అక్కర్లేదంది. ప్రతి రాష్ట్రమూ పక్క రాష్ట్రాన్ని చూపించి తన కట్టుబాటును ఒక్కో మెట్టూ దించుకుంటూ వచ్చిందన్నమాట.

కందకంలో ఓడ

మిస్సోరీలో మరీ విడ్డూరం. కేసినో నది మీదే ఉండాలంటే, యజమానులు నది పక్కన పెద్ద గుంటలు తవ్వి, వాటిని నీళ్లతో నింపి, అందులో కేసినోలను తేల్చారు. 1997లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. కానీ మరుసటి ఏడాదే ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఓటేసి ఆ గుంటల్నే ఖాయం చేశారు. రెండు గంటల్లో అయిదొందల డాలర్లకు మించి పోగొట్టుకోకూడదన్న నిబంధన ఒక్కటీ అక్కడ ఇంకొన్నాళ్లు నిలిచింది. 2008లో అదీ పోయింది. తీసేసింది మళ్లీ ఓటర్లే!

మరి ఇది ఓడా, భవనమా? ఆ ప్రశ్నకీ కోర్టులు జవాబు చెప్పాయి. బిలాక్సీలో ఒక కేసినో ఓడ బార్లో పనిచేసే ఉద్యోగికి దెబ్బ తగిలింది. ఓడ మీద పనిచేసే నావికులకు చట్టమిచ్చే పరిహారం తనకూ కావాలన్నాడు. ఒడ్డుకు కట్టేసి జూదానికి వాడేది ఓడ కిందికి రాదని 1995లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చేసింది. లైసెన్సు తీసుకునేటప్పుడు నీటి మీద తేలాలి. దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఓడ కాదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటే ఇదే!

తుపాను చెప్పిన తీర్పు

అన్నీ చెడే అనుకుంటే పొరపాటు. మిసిసిపీలోని టునికా ఒకప్పుడు అమెరికాలోకెల్లా అతి పేద ప్రాంతాల్లో ఒకటి. 1992లో అక్కడ తొలి కేసినో వచ్చింది. వెనకే మరికొన్ని వచ్చాయి. పొలం పని తప్ప మరోటి తెలియని చోట నెల జీతాలొచ్చాయి. రోడ్లు పడ్డాయి. కాకపోతే చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ కేసినోలు పెరిగేసరికి జనం పలచబడ్డారు. 2014లో అక్కడి అతిపెద్ద కేసినో మూతపడింది. జూదం తెచ్చిన కొలువు జూదంలాగే ఉంటుంది మరి!

2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చింది. మిసిసిపీ తీరంలో కేసినోలున్న భారీ బల్లకట్లు అలలకు కొట్టుకొచ్చి ఒడ్డు మీద పడ్డాయి. ఒకటి ఏకంగా హోటల్ భవనం మీదికే ఎక్కింది. నీటి మీదే ఉండాలన్న పట్టుదల ఎంత ప్రమాదమో తెలిసొచ్చి, అక్టోబరులో చట్టం మార్చారు. తీరం నుంచి ఎనిమిదొందల అడుగుల లోపల నేల మీదే కట్టుకోమన్నారు. 2018లో లూసియానా కూడా ఓడల్ని నేలకెక్కించడానికి ఒప్పుకుంది.

అలా నదిలో మొదలైన కేసినో చివరికి ఊళ్లోకి వచ్చేసింది. ఏది రాకూడదని ఓడను ఆశ్రయించారో, అదే జరిగింది.

'నన్ను రానివ్వొద్దు!'

ఈ కథలో మనసును తాకే మలుపొకటి ఉంది. 1996లో మిస్సోరీ ఒక జాబితా తెరిచింది. ఆట మానలేకపోతున్నవాళ్లు తమంతట తామే వచ్చి అందులో పేరు రాయించుకోవచ్చు. ఆ తర్వాత కేసినోలో అడుగుపెడితే అక్రమ ప్రవేశం కింద కేసే. మొదట్లో అది జీవితాంతం వర్తించేది. తర్వాత్తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ ఇలాంటి జాబితాలు పెట్టాయి. నన్ను లోపలికి రానివ్వొద్దని సంతకం చేసే మనిషి వెనక ఎంత నష్టముందో, ఇంట్లోవాళ్ల కన్నీళ్లెన్నో ఊహించుకోవచ్చు. మనిషి తనకు తానే గీసుకున్న గీత అది.

మాండవిలో మనవాళ్లు

అమెరికా గొడవ మనకెందుకంటారా? గోవా దాకా వెళ్తే చాలు. అక్కడి జూద నిరోధక చట్టం 1976 నాటిది. దానికి 1992లో చేసిన సవరణతో అయిదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ మెషీన్లు వచ్చాయి. 1996 సవరణతో ఓడల్లో బల్లల మీద ఆటలకు దారి దొరికింది. చట్టంలో రాసింది 'తీరానికి ఆవల' అని. ఓడలు లంగరేసింది మాత్రం పణజీ నగరానికెదురుగా మాండవి నదిలో! ఒడ్డు నుంచి చిన్న పడవెక్కితే నిమిషాల్లో అక్కడుంటాం.

ఇక్కడ 1974 నుంచే జూదశాలల మీద నిషేధముంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని ఆన్‌లైన్ ఆటలకూ వర్తింపజేశాయి. అందుకే ఆట మీద మోజున్నవాళ్లు గోవా విమానం ఎక్కుతున్నారు. స్థానికులను కేసినోల్లోకి రానివ్వకూడదని 2020లో గోవా ప్రభుత్వం నిర్ణయించింది. తన ఇంటివాళ్లను కాపాడుకోవాలనుకోవడం సహజమే. మరి ఆ ఓడల్లో పోయే డబ్బు ఎవరిది? బయటి నుంచి వెళ్లేవాళ్లది. అందులో మన ఇళ్లదీ ఉంది.

ఒకప్పుడు ఆటకీ ఇంటికీ మధ్య ఒక నది ఉండాలనుకున్నారు. ఆ నది ఏటికేడాదీ సన్నబడింది. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంటే చాలు, ఓడ దాకా వెళ్లే పనీ లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసిందంటే కారణమదే. చట్టాలు చేసుకోవాల్సిందే. కానీ పక్కవాడి లాభం చూసి చట్టమే ఎన్నిసార్లు వెనక్కి తగ్గిందో మిసిసిపీ చెబుతూనే ఉంది. అయోవా తొలి చట్టం గీసిన అయిదు డాలర్ల గీతలాంటిది ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండాలి. దాన్ని ఎత్తేసే అధికారం ఏ ప్రభుత్వానికీ ఉండదు!