వెన్నుపాములో కంతి

వెంగళరావు నగర్‌లో మా పక్క వాటా కుర్రాడికి యేడేళ్ళు. నిరుడు దసరా వెళ్ళినప్పటినుంచీ రాత్రిళ్ళు నడుం నొప్పని లేచి ఏడ్చేవాడు. తెల్లారితే మామూలే. "ఎదిగే పిల్లాడు గదా మాస్టారూ!" అనేవాడు తండ్రి. మామ్మగారు దిష్టి తీసేవారు. బడి ఎగ్గొట్టే ఎత్తని నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సంక్రాంతికి కుడికాలు ఈడ్చసాగాడు. పిల్లల డాక్టరు వాణ్ణి నడిపించి చూసి, మోకాలి మీద సుత్తితో తట్టి, వెంటనే స్కానుకు పంపారు. వెన్నుపాము లోపలే కంతి!

వెన్నుపాము అన్న మాట ఎవరు పెట్టారోగాని భలే అతికింది. పూసల పుట్టలో చిటికెనవేలు లావున పడుకున్న పాము. కాళ్ళ కదలికా, స్పర్శా, మూత్రం మీద అదుపూ దానిలోంచే. అక్కడ కత్తి పెట్టడమెలా?

1887లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ వెన్నుపామును నొక్కుతున్న కంతిని తీసి రోగిని నడిపించాడు. అది పాముకు వెలుపలిది. లోపలివాటికి మాత్రం చాలాకాలం చిన్న ముక్క తీసి, రేడియేషన్ ఇచ్చి ఊరుకునేవారు. 1980లలో న్యూయార్క్‌లో ఫ్రెడ్ ఎప్‌స్టీన్ పిల్లల్లో ఆ కంతిని వీలైనంతా తీసెయ్యవచ్చునని చేసి చూపించాడు. మన దేశంలో 1949లో వెల్లూరులో జాకబ్ చాందీగారూ, 1956లో విశాఖలో బాలపరమేశ్వరరావుగారూ మెదడు, నరాల శస్త్రచికిత్సకు విభాగాలు నెలకొల్పారు.

ఆపరేషను సంగతి సర్జనుగారు ఓపిగ్గా చెప్పారు. పూసల వెనుక భాగాన్ని పెట్టె మూతలా ఎత్తి, పని అయ్యాక మళ్ళీ అమరుస్తారట, ఎదిగే వెన్ను వంగిపోకుండా. మైక్రోస్కోపులో చూస్తూ పామును నడిమికి విడదీసి, అల్ట్రాసౌండ్ కంపనంతో కంతిని చితిపి పీలుస్తారు. కాళ్ళకు తీగెలు అమర్చి వుంటాయి. సంకేతం తగ్గితే చెయ్యి ఆగిపోవలసిందే, కంతి కొంచెం మిగిలినా సరే.

"నడుస్తాడా?" అన్నాడు తండ్రి.

"నడుస్తూ వచ్చాడుగా! అదే పెద్ద బలం. కాళ్ళు పూర్తిగా పడిపోయాక తీసుకొస్తే పోయిన శక్తి తిరిగి రావడం కష్టం. ఆపరేషను కాగానే ఇంకా నీరసించవచ్చు, హడలిపోకండి" అన్నారాయన.

అలాగే అయింది. మూడు వారాలు రెండు కాళ్ళూ లేవలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదంటే నమ్మండి. కంతి మెల్లగా పెరిగే రకమని, ఆస్ట్రోసైటోమా అంటారని రిపోర్టు వచ్చినా ఎవరికీ ధైర్యం చిక్కలేదు. నాలుగోవారం బొటనవేలు కదిలింది.

నిద్రలోంచి లేపే నడుం నొప్పి, మారిన నడక, ఒరిగిన మెడ, వంగిన వెన్ను, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం: ఇలాంటివి కనబడితే అమ్మలారా, మాలాగా మూడు నెలలు ఆగకండి.

మొన్న ఆషాఢంలో వాడు కమ్మీ పట్టుకుని మా మేడ మెట్లెక్కాడు. కుడిపాదం ఇంకా కొంచెం రాసుకుంటోంది. కార్తీకంలో మళ్ళీ స్కాను.