పాత సైకిల్ బయటికి తీస్తున్నారా?

మూలన పడేసిన పాత స్టీలు రేసింగ్ సైకిల్‌ను వ్యాయామం కోసం బాగు చేయిస్తున్నారా? మంచిదే. అయితే రంగు కన్నా ముందు భద్రత చూసుకోండి.

* పైపైన పట్టిన తుప్పును శాండ్‌పేపర్‌తో తీసేయొచ్చు. గొట్టాలు కలిసేచోట పగులు కనిపిస్తే మాత్రం తొక్కొద్దు.

* ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు చూడటానికి బాగున్నా మార్చేయండి.

* స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పడదు. వానలో తొక్కకపోవడమే మేలు.

* సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ల మీద భారం పడుతుంది. మడమతో పెడల్‌ను పూర్తిగా కిందికి నొక్కినప్పుడు కాలు నిటారుగా ఉండాలి.

వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజూ అరగంట చొప్పున అయిదు రోజులు తొక్కితే సరిపోతుంది. గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుడిని సంప్రదించాలి.